కడుపూ కడుపుమంటా

ఆ వానాకాలం మా చెల్లి పొద్దున లేచింది మొదలు వాంతులు చేసుకునేది. ఆ వాంతులు చూసి నేను కుళ్లుకునేదాన్ని. వినేవాళ్లకు నవ్వొస్తుందేమో కానీ, పెళ్లయి ఏళ్లు గడిచినా ఒక్కసారైనా వేవిళ్ల ముఖం చూడని ఆడదానికి పక్కవాళ్ల వాంతులు కూడా నగల్లాగే కనిపిస్తాయి.

మా నాన్నకు మేమిద్దరమే. నన్ను పెద్దదీ అనీ, దాన్ని చిన్నదీ అనీ పిలిచేవాడు. ఆయన నది మీద సరుకుల లాంచీ నడిపేవాడు. పెళ్లికి ముందు ఆయన పక్కన నిలబడి చక్రం తిప్పింది నేను. ఎక్కడ ఇసుక మేటేసిందో, ఎక్కడ నీళ్లు సుడి తిరుగుతాయో రంగు చూసి చెప్పేదాన్ని. చిన్నదానికి పడవంటే గిట్టేది కాదు. ఒడ్డున కూర్చుని గోళ్లకు రంగేసుకునేది. చివరికి నాన్న మోకాళ్లు మొరాయించినప్పుడు లాంచీ ఎవరి చేతికి వెళ్లింది? చిన్నదాని మొగుడి చేతికి.

"ఇంజను తెలిసినవాడి దగ్గరుంటేనే పడవ పదికాలాలు బతుకుతుందే పెద్దదీ," అన్నాడు నాన్న, నా ముఖం చూడకుండా.

మా మరిది మెకానిక్కు మరి. మా ఆయన పని చేసేది ఐస్ ఫ్యాక్టరీలో. ఇక నేను రేవు పక్కన చిన్న కొట్టు పెట్టుకుని టార్పాలిన్లు కుడతాను. పడవలకు పైకప్పులు, లారీలకు కప్పులు, దుకాణాలకు తెరలు. లాంచీ వచ్చినా, వెళ్లినా మిషను మీద నుంచి తలెత్తేదాన్ని కాదు. ఎత్తకపోయినా దాని చప్పుడు నాకు తెలిసిపోయేది.

ఆ ఏడు ఎండలు తగ్గుతుండగా ఆ చప్పుడు మారింది. మరిది పాత ఇంజను పీకేసి, తుక్కుకు పోయిన ఒక లారీ తాలూకు డీజిల్ ఇంజను తెచ్చి బిగించాడు. క్యాబిన్ వెనకాల చెక్కపెట్టెలో దాన్ని కూర్చోబెట్టి, పొగ గొట్టం పడవ తోక వైపు నీళ్ల మీదికి పెట్టాడు. నిజం చెప్పాలంటే పని బాగా చేశాడు. అంతకుముందు వరదలో ఎదురెక్కలేని బరువు ఇప్పుడు అలవోకగా ఎక్కుతోంది. రేవులో ఎవరి నోట విన్నా మా మరిది మాటే. నాన్నయితే ఊతకర్ర పట్టుకుని వచ్చి మరీ ఆ చప్పుడు వినేవాడు, పాటకచేరీకి వచ్చినట్టు.

మొదటి వాన పడ్డ మర్నాడు చిన్నది నా కొట్టుకొచ్చింది. పెళ్లయ్యాక వాళ్ల కాపురమంతా లాంచీలోనే. క్యాబిన్లో ఒక మంచం, ఒక పొయ్యి, రెండు పెట్టెలు.

"అక్కా, జల్లు లోపలికొచ్చి పక్కంతా తడుస్తోందే. చుట్టూరా తెరలు కుట్టిపెట్టవా?"

"కిటికీలున్నాయిగా, మూసుకో."

"వాటికి తలుపులెక్కడేడిశాయి? నాన్న కాలం నుంచీ అలాగే ఉన్నాయి. నువ్వు తడిసిన పడవే కదా."

నేను తడిసిన పడవే. అది మాత్రం తడవకూడదు. కొలతలు తీసుకుని, కొట్లో ఉన్నవాటిలో మందమైన గుడ్డ తీసి, అంచులు రెండు మడతలు వేసి, దబ్బనంతో చేత్తో బలపరిచి కుట్టాను. చీమ కూడా దూరకూడదన్నంత పంతం. దాని మీద ప్రేమతో అనుకునేరు. మా మరిది బిగించిన ఇంజను గురించి రేవంతా చెప్పుకుంటున్నప్పుడు, నా కుట్టు గురించి కూడా ఒక్కడైనా చెప్పుకోవాలని.

మూడు వైపులా గట్టిగా మూసుకునేలా, వెనక వైపు మాత్రం రాకపోకలకు సగం ఎత్తి కట్టుకునేలా తగిలించాను. చిన్నది లోపల కూర్చుని చేతులు రుద్దుకుంది. "అబ్బ, ఎంత వెచ్చగా ఉందో!"

మరో నెల తిరక్కుండానే కబురొచ్చింది.

కబురు తెచ్చింది నాన్నే. కర్ర కొట్టు గుమ్మానికి ఆనించి, ఎప్పుడూ కూర్చోని స్టూలు మీద కూర్చుని, నా చేతిలోని గుడ్డను ఊరికే తడుముతూ అన్నాడు. "చిన్నదానికి పొద్దున్నే వికారమంటే… తల తిరుగుతోందంట. నిమ్మకాయ తప్ప ఏదీ నోటికి సహించడం లేదంట."

అర్థమైంది. మిషను ఆపకుండానే, "డాక్టరుకు చూపించారా?" అన్నాను.

"చూపిస్తార్లేవే, తొందరేముంది? సరుకు దించి తీరిగ్గా వెళ్తారు."

"దానికి మొదట్నుంచీ నెలలు సరిగా రావు నాన్నా. పరీక్ష చేయించకుండా ఊరంతా చాటుకోవడమెందుకు?"

నాన్న గుడ్డ వదిలేశాడు. నా వైపు చూసిన చూపులో కోపం లేదు, జాలి ఉంది. కోపమైతే ఓర్చుకునేదాన్ని.

మర్నాడు లాంచీ రేవులో ఆగినప్పుడు ఆయన ఆ మోకాళ్లతోనే క్యాబిన్లోకి ఎక్కి, కప్పులో నడిమి దూలానికి ఇనపకొక్కెం బిగించాడు. ఉయ్యాలకు. ఊగినా ఊడకుండా ఉండాలని పూర్తి బరువుతో వేలాడి చూశాడు. కింద నిలబడి ఆయన నడుం పట్టుకున్నది నేను. ఆయన వంటికి నా చేతులు, ఆయన కళ్లకు ఆ కొక్కెం. మా ఇంట్లో కూడా దూలాలున్నాయి. వాటి వైపు ఆయన ఏనాడూ తలెత్తి చూడలేదు.

ఇంటికొచ్చి మా ఆయన మీద పడ్డాను. భోజనం ముందు కూర్చుని ఆయన నింపాదిగా అన్నాడు. "దాని కడుపు పండితే నీ కడుపెందుకే మండటం?"

"మండట్లేదు."

"మరి ఆ పళ్లెం ఎందుకలా విసిరావు?"

అప్పటి నుంచి చెల్లి మీద ఒక కన్నేసి ఉంచాను. అసూయకు మించిన నిఘా ఉండదు. తల్లి కూడా అంత శ్రద్ధగా చూడదేమో. అది ఏం తింటోంది, ఎప్పుడు పడుకుంటోంది, ఎప్పుడు కక్కుతోంది, అన్నీ నాకు కావాలి. నాకు తెలిసిందేమిటంటే, మా ఇంటికొచ్చిన రోజున సాయంత్రానికల్లా దానికి ఏ రోగమూ ఉండేది కాదు. వచ్చేటప్పుడు ముఖం పీక్కుపోయి, గోడ పట్టుకుని నడిచొచ్చేది. గుమ్మంలో కూర్చుని ఒక కునుకు తీసేది. సాయంత్రానికి లేచి, నేను వండింది మారు వడ్డించుకుని తినేది. వేవిళ్ల మనిషి మారు వడ్డించుకుంటుందా? ఇంజను బాగుచేయడానికి లాంచీని ఒడ్డున కట్టేసిన రోజుల్లో అయితే కిలకిలా నవ్వుతూ రేవంతా తిరిగింది. మళ్లీ ప్రయాణం మొదలయ్యేసరికి మళ్లీ వికారం, మళ్లీ నాన్న చేత నిమ్మకాయలు, మళ్లీ మరిది "నువ్వు లేవకు, నేను చేస్తాగా" అనడం.

నాటకం, అనుకున్నాను. మొగుడి చేత పని చేయించుకోవడానికీ, నాన్న చేత ముద్దు చేయించుకోవడానికీ ఇదంతా నాటకం. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి తెచ్చుకునేది ఇదే కదా. దీన్ని రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలి.

"తెరల అంచులు లాగుతున్నట్టున్నాయి, ఒక ట్రిప్పు వచ్చి సరిచేస్తా," అన్నాను మరిదితో.

"రా వదినా, దానికి తోడుంటుంది," అన్నాడతను పాపం. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేదనుకున్నాను.

ఆ రోజు సిమెంటు బస్తాలు నిండా వేసుకుని ఎగువకు బయల్దేరాం. నది ఎర్రగా, నిండుగా, ఎదురు తోస్తూ ఉంది. వాన ఏటవాలుగా కొడుతోంది. మరిది క్యాబిన్ ముందు భాగంలో, అద్దం వెనక చక్రం పట్టుకున్నాడు. చిన్నది మంచం మీద పడుకుంది. నేను కింద చాప మీద కూర్చుని, నా కుట్టు నేనే మెచ్చుకుంటూ తెరల వైపు చూస్తున్నాను. ఒక్క చుక్క లోపలికి రావడం లేదు. బరువు మోస్తూ ఇంజను మూలుగుతోంది. దాని వేడి చెక్క గోడ దాటి వీపుకు హాయిగా తగులుతోంది. డీజిల్ వాసన ఉందంటే ఉంది, కానీ ఆ వాసనలో పెరిగినదాన్ని, అది నాకు వాసన కిందే లెక్క కాదు.

వంతెన దాటాక నా కణతల మీద ఎవరో గుడ్డ బిగించి కట్టినట్టయింది. ఆ తర్వాత కడుపులో తిప్పడం మొదలైంది. పుట్టి బుద్ధెరిగాక నాకు పడవలో వికారం పుట్టలేదు. వరదలో, గాలివానలో కూడా పుట్టలేదు. లేచి నిలబడబోతే కాళ్లు దూదిలా మెత్తబడ్డాయి.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ఆ నెల నాకు కాస్త ఆలస్యమైంది. పట్టించుకోవడం ఎప్పుడో మానేసిన సంగతి అది. ఇప్పుడు చాప మీద కదలకుండా కూర్చుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకున్నాను. మళ్లీ తిప్పింది. కళ్లనీళ్లు తిరిగాయి. అంత సంతోషం నా జన్మలో ఎరగను. చెల్లి వైపు చూస్తే కోపం కూడా రాలేదు. పోనీలే, ఇద్దరికీ ఒకేసారి అనుకున్నాను. కాదు, ఇంకోటి కూడా అనుకున్నాను: ఇక నాన్న మా ఇంటి దూలం వైపు కూడా చూడాలి.

వికారం వస్తుంటే మురిసిపోయిన మనిషి ఎవరైనా ఉంటే అది నేనే, ఆ క్యాబిన్లో.

అంతలో మరిది చక్రం ఒంటిచేత్తో పట్టుకుని, పక్క తెర అంచు పైకెత్తి, బయటికి తల పెట్టి భళ్లున కక్కాడు.

నాకు మొదట అర్థం కాలేదు. "నీకేమైంది మరిదీ?"

"ఏమో వదినా. తల పగిలిపోతోంది. వానలో తడిసి తడిసి… ఈ మధ్య పడవెక్కితే ఇంతే."

"దిగితే?"

"దిగితే బానే ఉంటుంది."

దిగితే బానే ఉంటుంది. చిన్నది కూడా అంతే. నేను కూడా, పొద్దున ఎక్కేదాకా బానే ఉన్నాను. ఇద్దరం ఆడవాళ్లం సరే, ఇతనికెందుకు వేవిళ్లు?

పొట్ట మీది చేతులు వాటంతటవే జారిపోయాయి.

"చిన్నదీ," అన్నాను. పలకలేదు. భుజం పట్టి ఊపాను. కళ్లు సగం తెరిచి ఏదో గొణిగింది, మళ్లీ మూసుకుంది. ముఖం ఎర్రగా, నిండుగా ఉంది. ఎవరు చూసినా నిగనిగలాడుతోంది అనేవాళ్లు. లేపి కూర్చోబెడితే గుడ్డబొమ్మలా వాలిపోయింది.

నా నడుముకు ఎప్పుడూ చాకు ఉంటుంది, దారాలు తెంపడానికి. లేచి, తూలుతూ వెళ్లి, అద్దం పక్కనున్న ఎదురు తెరను పై నుంచి కింది దాకా కోశాను. తర్వాత కుడి పక్కది, ఎడమ పక్కది. నా రెండు మడతల అంచులు అంత తేలిగ్గా తెగలేదు, చాకు జారి నా అరచెయ్యి కూడా తెగింది. వాన, గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టాయి.

"వదినా! పిచ్చెక్కిందా నీకు?"

"దాన్ని ముందుకు లాక్కెళ్లు. బయటికి, వానలోకి. చక్రం నాకివ్వు."

"పడవ…"

"పడవ నాకు తెలుసు. పొగ లోపలికొస్తోంది రా నాయనా, అందరం దాన్నే తాగుతున్నాం! పో!"

అతను చక్రం వదిలాడు. ఎన్నేళ్ల తర్వాతో నా చేతికొచ్చింది. ఆ నిండు బరువుతో, ఆ ప్రవాహంలో ఉన్నపళంగా ఇంజను ఆపితే పడవ అడ్డం తిరిగి వంతెన స్తంభాల మీదికి పోతుంది. ఒడ్డు నుంచి నదిలోకి వేసిన రాతికట్ట వెనకాల నీళ్లు మెత్తగా ఉంటాయని నాకు తెలుసు. అద్దం పక్కకు తల పెట్టి, వానను మింగుతూ, వేగం తగ్గించి కట్ట చాటుకు తిప్పాను. పడవ ముక్కు ఇసుకలో గుచ్చుకున్నాక ఇంజను ఆపాను.

వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ముందు చెక్కల మీద మరిది ఒళ్లో తల పెట్టుకుని చిన్నది తడుస్తోంది. కాసేపటికి దగ్గింది. ఇంకాసేపటికి కళ్లు తెరిచి, నన్ను దాటి వెనక్కి చూసింది. పేలికలై వేలాడుతున్న తెరల్ని చూసింది.

"తెరలెందుకు కోశావే అక్కా?" అంది. గొంతులో బలం లేదు, అయినా కుళ్లు కొద్దీ కోశాననుకుంటోందని ఆ ప్రశ్నలోనే తెలిసింది.

కట్ట మీద పనిచేస్తున్నవాళ్లు జీపులో మమ్మల్ని ఆసుపత్రికి చేర్చారు. ముగ్గురికీ ముక్కు మీద ఆక్సిజన్ మాస్కులు పెట్టి, రక్తం తీశారు. డాక్టరమ్మ మా మరిదిని కూర్చోబెట్టి ఇంజను ఎక్కడుంది, గొట్టం ఎటుంది, తెరలు ఎలా కట్టారు అని అడిగింది.

"కార్బన్ మోనాక్సైడ్," అంది. "దానికి రంగుండదు, వాసనుండదు. మీకొచ్చే డీజిల్ వాసన వేరు, ఇది వేరు. డీజిల్ ఇంజనులో తక్కువే పుడుతుంది, కానీ బరువు లాగుతున్నప్పుడు, గొట్టం ఎక్కడైనా కారుతున్నప్పుడు, గది మూసేసి ఉన్నప్పుడు ఆ తక్కువే చాలు. ముందు మూసి వెనక తెరిచి నడిపితే, తోక దగ్గరి పొగను కూడా పడవే లోపలికి పీల్చుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు. పడవలో కక్కితే నీళ్లు పడలేదనుకుంటారు. ఇంకాసేపు అలాగే ఉంటే మత్తులోంచి లేచేవాళ్లు కాదు."

మరిది తల వంచుకుని, "జాయింటు దగ్గర చిన్న పగులుంది. గుడ్డ చుట్టి లప్పం పెట్టా. వానలు తగ్గాక మారుద్దామని," అన్నాడు.

"మరి లోపల బిడ్డకు?" అని అడిగింది చిన్నది, మాస్కు పక్కకు జరిపి.

డాక్టరమ్మ కాగితాలు ఇంకోసారి చూసింది. ఆమె గొంతు తగ్గించడంతోనే నాకు తెలిసిపోయింది. బిడ్డ లేదు. ఎప్పుడూ లేదు. ఆ వికారమంతా పొగదే.

డాక్టరమ్మ వెళ్లిపోయాక చిన్నది మాస్కు తీసేసి దిండు పక్కన పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా అక్కా?"

కాదనాల్సింది. కాని ఆ డాక్టరమ్మ మాట విన్న క్షణంలో నిజంగానే చల్లగా ఏదో తగిలింది. ఒక్క క్షణమే, కానీ తగిలింది. నన్ను చిన్నప్పటి నుంచీ చూసిన మనిషికి అది కనపడకుండా ఎలా ఉంటుంది? గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఆ తర్వాత అది నాతో మాట్లాడలేదు. ప్రాణం కాపాడానని నాన్న రేవంతా చెప్పుకున్నాడు. మా ఆయన నా చేతికి అయిన గాయానికి రోజూ మందు రాశాడు. మరిది ఇంజను మొత్తం విప్పి, పగిలిన ముక్కను నదిలోకి విసిరేసి, కొత్తది వేశాడు. గొట్టాన్ని తోక నుంచి తీసి, నిలువుగా కప్పును దాటించి పైకి లేపాడు. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య చెక్క సందులన్నీ రేకుతో మూశాడు. గాలిలో ఆ విషం చేరితే కూతపెట్టే చిన్న పెట్టె ఒకటి కొనుక్కొచ్చి మంచం తలవైపు బిగించాడు. వరద ఎక్కువున్న రోజున, "వదినా, ఆ మలుపు దాకా చక్రం పడతావా?" అని అడగడం కూడా మొదలుపెట్టాడు. వెళ్లేదాన్ని. నేను పడవెక్కితే చిన్నది దిగిపోయేది.

వానలు వెనక్కి తగ్గాక ఒక మధ్యాహ్నం కొట్టులో నీడ పడింది. తలెత్తితే చిన్నది. చేతిలో కొలతల తాడు.

"కొత్త తెరలు కావాలంట. ఈసారి కిటికీల దగ్గర వలగుడ్డ పెట్టి కుట్టమన్నారు," అంది. ఎవరో పంపిస్తే వచ్చినట్టు.

"కూర్చో."

కూర్చోలేదు. గుడ్డ చుట్టలు వేలితో నొక్కి చూస్తూ నిలబడింది. "ఆ రోజు నువ్వసలు పడవెందుకెక్కావు? అంచులు లాగడం లేదని నాకు తెలుసు."

"నీది నాటకమని పట్టుకుందామని."

"తెలుసు." గుడ్డ చుట్టను వెనక్కి తోసి, "కుళ్లుబోతుదానివి," అంది.

"అవును."

ఒప్పుకుంటాననుకోలేదేమో, తాడును వేలికి చుట్టుకుంది. నేను మిషను మీద చేతులు పెట్టుకుని, అప్పటిదాకా మా ఆయనకు కూడా చెప్పని మాట చెప్పాను.

"ఆ రోజు నాకు కూడా కడుపే అనుకున్నా."

"ఏంటీ?"

"తల తిరిగింది. వికారం పుట్టింది. ఆ నెల ఆలస్యమైంది కూడా. ఇంకేముంది, వచ్చేసిందనుకున్నా."

చిన్నది నన్ను ఎగాదిగా చూసింది. "ఎంతసేపు?"

"వంతెన దాటినప్పటి నుంచి నీ మొగుడు కక్కేదాకా."

దాని మూతి వంకర తిరిగింది. ఆపుకుందామని చూసింది, ఆగలేదు. పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఎవరికి ముందు ఏడుపొచ్చిందో తెలియదు కానీ, చూస్తుండగానే అది నా స్టూలు పక్కన గుడ్డల మీద కూలబడి, నా మోకాలికి ముఖం ఆనించి ఏడుస్తోంది. నేను దాని జుట్టులో వేళ్లు పెట్టి ఏడుస్తున్నాను. రేవులో ఏదో పడవ వచ్చింది. ఏదో చూడలేదు.

కొంతసేపటికి అది పైటతో ముక్కు తుడుచుకుని అడిగింది. "పేరు అనుకున్నావా?"

"అంత టైమెక్కడిదే…"

"అబద్ధాలాడకు. అనుకున్నావా లేదా?"

"అనుకున్నా."

"ఏంటి?"

చెప్పాను. అది ఆ పేరును పెదాల మీద ఒకటికి రెండుసార్లు మెదిపింది, ఉప్పు చూస్తున్నట్టు.

"ఏం బాలేదు," అంది.

"నీదేంటో చెప్పు మరి!"

చెప్పింది. దానికంటే నాదే నయం. ఆ మాటే అన్నాను. అది తాడు ఒక కొస నా చేతిలో పెట్టి, రెండో కొస పట్టుకుని గుమ్మం దాకా నడిచి, "గట్టిగా పట్టుకో, కొలుస్తున్నా," అంది.